రేగడిలో నీరు, పైరుపై పురుగు

(ఆచార్య ఎన్.జి. రంగా గారి స్మృతికి అంకితముగా పర్చూరులో చేసిన ఉపన్యాసము)

ఆచార్య గోగినేని రంగనాయకులుగారు 1900 సంవత్సరమున నిడుబ్రోలులో జన్మించి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి, స్వదేశమునకు మరలివచ్చి, డెల్టా పల్లెల ఆర్థిక స్థితిగతులను పరిశీలించి 1926లోనే గ్రంథమును ప్రకటించిరి. రైతు కష్టమును గూర్చి ఆవేదనతో పలికినవారు ఆ కాలమున పెక్కురుండిరి గాని, ఆ కష్టమును పన్నులు, వడ్డీలు, పంట ఖర్చులుగా విడదీసి, అంకెలలో చూపినవారు మిక్కిలి తక్కువ. అట్టివాని పేరిట ఏర్పాటైన సభలో నేను నీటిని గూర్చియు, పురుగును గూర్చియు మాటలాడదలచితిని. నీటిపారుదల శాఖవారు కాలువను గూర్చియు, భూగర్భజల శాఖవారు బావిని గూర్చియు, వ్యవసాయ శాఖవారు పురుగును గూర్చియు వేరువేరు కార్యాలయములలో వేరువేరు పుస్తకములు వ్రాసికొనుచుందురు. రైతు చేనిలో మాత్రము ఈ మూడును ఒక్కటే వ్యవహారము. వీనిని విడదీసి చూచినందువలననే ఈ సీమ గడచిన నలుబదియేండ్లలో పెక్కు విధముల నష్టపడినదని నా దృఢమైన అభిప్రాయము. నేడు చెప్పదలచినదెల్ల దానికి వివరణమే.

పర్చూరు మొదట గుంటూరు జిల్లాలోను, 1970 ఫిబ్రవరి 2వ తేదీన ప్రకాశము జిల్లా ఏర్పడినపిమ్మట దానిలోను, 2022 ఏప్రిల్ నెలనుండి బాపట్ల జిల్లాలోను చేరినది. జిల్లా ఏదైనను నేల నల్లరేగడి. మార్టూరు, ఇంకొల్లు, యద్దనపూడి, కారంచేడు గ్రామముల పొలములన్నియు ఇట్టివే. అచటినుండి చీరాల, వేటపాలెముల వైపు నడచినచో, కొలది క్రోసుల దూరములోనే రేగడి అంతరించి తెల్లని ఇసుక నేల ఎదురగును. ఆ వెనుక సముద్రము. ఒక పూటలో నడువదగిన ఈ దూరములో భూమి అడుగున నున్న నీటి స్వభావము సంపూర్ణముగా మారిపోవుచున్నది. ఇచటి వ్యవసాయమును గ్రహింపదలచినవాడు మొట్టమొదట తెలిసికొనవలసిన విషయమిది గనుక దీనియందు కొంతసేపు నిలువక తప్పదు.

ఇసుక నేలలో కురిసిన వాన కురిసినట్లే లోనికి దిగిపోవును. దిగిన మంచినీరు, సముద్రమునుండి ఇసుకలోనికి చొచ్చియున్న ఉప్పునీటి కంటె తేలికైనది కావున, దానిపై ఒక పొరగా తేలియుండును. ఈ రెండు నీళ్ళ బరువులలోని భేదమును లెక్కించిన శాస్త్రజ్ఞులు, సముద్రమట్టమునకు ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, ఆ మట్టమునకు దిగువ సుమారు నలుబది అడుగుల వరకు మంచినీరే యుండునని తేల్చిరి. ఈ లెక్కకు రెండవ ముఖము కూడ కలదు. పైనున్న మంచినీటి మట్టమును ఒక అడుగు తగ్గించినచో, క్రిందనుండి ఉప్పునీరు నలుబది అడుగులు పైకి రాగలదు. కోస్తా ఇసుకలో లోతుగా బోరు దింపి, శక్తిగల మోటారు బిగించి, ఒక్కచోటనే విస్తారముగా నీరు తోడినవాని బావి కొలదికాలములోనే ఉప్పగిల్లుటకు కారణమిదియే.

ఈ లెక్క రాకమునుపే చీరాల, బాపట్ల తీరపు రైతులు ఈ సత్యమును తమ దొరువులలో నిక్షేపించి యుంచిరి. దొరువనగా ఇసుకలో వెడల్పుగా, వాలుగా త్రవ్విన లోతులేని గుంట. దానిలో నీరు చేతికందునంత మట్టమున నిలిచియుండును. కడవలతో ముంచి నారుమళ్ళకును, కూరగాయల మడులకును, పూలతోటలకును పోయుదురు. ముంచినకొలది చుట్టునున్న ఇసుకనుండి నీరు మెల్లగా ఊరివచ్చును. మనుష్యుడు చేతితో తోడగలిగినంతకు మించి తోడలేడు గనుక పైపొర చెదరదు, ఉప్పునీరు మేలుకొనదు. దీనియందు లోపములేమనగా, గుంట కొంత సాగుభూమిని మ్రింగివేయును, కడవ మోయువాని నడుము విరుగును. బాపట్లలో ఉప్పు నేలలపైన, ఉప్పునీటి వినియోగముపైన పరిశోధన సాగించిన శాస్త్రజ్ఞులు ఈ పద్ధతినే మెరుగుపరచి, నీటిమట్టమునకు కొంచెము దిగువన చిల్లులుగల గొట్టములను అడ్డముగా పరచి, అవి యన్నియు నడుమనున్న ఒక చిన్న బావిలోనికి నీటిని చేర్చునట్లు ఏర్పరచి, ఆ బావినుండి చిన్న మోటారుతో తోడు విధానమును రూపొందించిరి. లోతునకు పోవుటకు బదులు వెడల్పున వ్యాపించి, పైపొరను మాత్రము మీగడవలె తీయుట దీనిలోని కీలకము. రైతు తాతముత్తాతల జ్ఞానమును పరిశోధనాలయము గౌరవించి ముందునకు తీసికొనిపోయిన సందర్భములు మన దేశమున అరుదు. ఇది అట్టి వానిలో నొకటి యగుటచేత నాకు దీనిపై ప్రత్యేకమైన ఆదరము కలదు.

ఇక రేగడి మాట. ఈ నల్లమట్టి జిగట మన్ను. తడిసినప్పుడు ఉబ్బి రంధ్రములు మూసికొనును. ఎండినప్పుడు ముడుచుకొని నెర్రెలు బారును. నెర్రెలు తెరచియున్నప్పుడు పడిన తొలకరి వాన తిన్నగా లోతునకు దిగును. అవి మూసికొనిన తరువాత కురిసిన వాన పైననే నిలిచి, వాగులోనికి పారిపోవును. కావున ఇచట అడుగునకు దిగి ఊటగా మారు నీరు స్వల్పము. దిగినదియు ఏండ్ల తరబడి కదలక లవణములను కరగించుకొని చవిటినీరగును. ఈ పల్లెలలో బావినీరు నోట పోసికొనలేక పూర్వమునుండి ఊరచెరువులపైననే ఆధారపడుట మీరెరిగినదే. అట్టి నీటిని బోరుతో తోడి రేగడిపైకి పారించినచో జరుగు హాని ఇసుకలోవలె అల్పమైనది కాదు. ఇసుకలో మరుసటి వాన ఉప్పును కడిగివేయును. రేగడిలోనో, నీటియందలి సోడియము మట్టి రేణువులను పట్టుకొని, సున్నపు అంశమును వెడలగొట్టి, మట్టిని మరింత బిగియజేసి, నీరుగాని గాలిగాని చొరని కారుచౌడుగా మార్చును. ఆ తరువాత జిప్సము చల్లి, మంచినీరు కట్టి, మురుగు తీసి బాగుచేసికొనుటకు సంవత్సరములు పట్టును. అందుచేత ప్రకాశము జిల్లా పశ్చిమ ప్రాంతపు రైతునకు బోరు ఎండిపోవునను భయముండగా, పర్చూరు రైతునకు బోరు పనిచేయునను భయము కూడ ఉండవలెనని నేను చెప్పుదును.

అయితే ఈ నేలకు భగవంతుడిచ్చిన జలాశయమేది? అది రేగడియే. ఒక మీటరు లోతుగల మంచి రేగడి సుమారు 200 మిల్లీమీటర్ల నీటిని పైరు వేరునకు అందునట్లు నిలువచేయగలదు. ఏటికి ఎనిమిది తొమ్మిది వందల మిల్లీమీటర్ల వాన, అందులో గణనీయమైన భాగము ఈశాన్య ఋతుపవనములతో ఆశ్వయుజ కార్తికములలో కురియు ఈ సీమలో, ఆ నిలువ తేమయే పూర్వపు వ్యవసాయమునకు మూలధనము. కోకనాడ రేవునుండి ఎగుమతియగుటచేత ఆ పేరనే వాసికెక్కిన ఎర్రజీర గల నాటుపత్తి, జొన్న, ధనియాలు, శనగ ఇవన్నియు కాలువ నీటిచుక్క నెరుగక పండినవే. ఆ నాటుపత్తి పింజ పొట్టిది, దిగుబడి తక్కువది. దానిని తిరిగి తెండని నేను చెప్పబోను. కాని అది తెల్లదోమకును, పచ్చదోమకును సులభముగా లొంగెడిది కాదు. నేలలోని తేమ తీరినతోడనే తన కాలము ముగించుకొనెడిది. ఈ రెండవ గుణమును మీరు మనసున ఉంచుకొనవలెను. ఇటీవలి కాలమున జె.జి.11 వంటి శనగ రకములు వచ్చి, ప్రకాశము జిల్లా రేగడిలో విస్తరించుటయు ఈ నిలువ తేమ మహిమయే.

ఇట్లు నిలువ తేమపైననే పండిన ఈ సీమకు తరువాత కాలువ వచ్చినది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధి కాలువలకు నీరు వదలెను. జవహర్ కాలువయను కుడికాలువ గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పదకొండు లక్షల యెకరములకు పైబడిన ఆయకట్టునకు ఉద్దేశింపబడినది. అందులో ఎక్కువ భాగము ఆరుతడి పైరులకేయని నిర్ణయించిరి. కాలువ తల దగ్గరివారు వరి నాటిరి. చివరనున్న పర్చూరు ప్రాంతమువారు నీటికై ఎదురుచూచిరి. 1997లో నీటి వినియోగదారుల సంఘములకు చట్టము వచ్చినను చివరి భూముల సమస్య తీరలేదు. దీనిని గూర్చి మీకు నేను చెప్పవలసినది లేదు. రాత్రులయందు కాలువగట్లపై కాపలా కాసినవారు మీరే. నేను చెప్పదలచినది మరియొక పరిణామమును గూర్చి. ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో తెలియని నీటికి రైతు మనస్సు ఒక విధముగా అలవాటు పడును. వచ్చినప్పుడు పైరునకు అవసరమున్నను లేకున్నను పారించుకొనును. మరల రాదేమోయను భయముతో చేను నిండ కట్టును. నీటి లెక్క తప్పుటకు ఇది ఆరంభము.

పురుగు లెక్క ఎట్లు తప్పినదో ఇప్పుడు చూతము. 1970 తరువాత పొడవు పింజ పత్తులు ఈ రేగడిని ఆవరించెను. ఎం.సి.యు.5 వంటి దీర్ఘకాలపు రకము, కాలువ నీరు, విరివిగా యూరియా, ఈ మూడును కూడిన చేను ఆకుపచ్చని అడవివలె ఎదిగి, కార్తికములో పూచి, మరల మాఘములో పూచి, ఫాల్గుణమువరకు కాయలు మోయుచు నిలిచెడిది. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్లను మందులు వచ్చెను. మొదటి రెండు మూడేండ్లు అవి అద్భుతముగా పనిచేసెను. అవి శనగపచ్చ పురుగుతోపాటు దానిని తిను అక్షింతల పురుగులను, సాలీళ్ళను, పరాన్న జీవులను కూడ సంహరించెను. 1984-85లో గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తెల్లదోమ విజృంభించినది. అంతకుమునుపు ఎన్నడును ప్రధాన శత్రువుగా లెక్కింపబడని పురుగది. 1987-88లో శనగపచ్చ పురుగు పైరిత్రాయిడ్లకు లొంగకపోయెను. ఈ జిల్లాల పురుగును తీసికొనిపోయి పరీక్షించిన శాస్త్రజ్ఞులు దాని నిరోధశక్తిని నిరూపించిరి. పురుగు చావకపోగా రైతు మోతాదు పెంచెను, మందులు కలిపెను, ఒక పంటకాలములో ఇరువది పర్యాయములకు మించి కొట్టినవారును గలరు. మందుల అంగడివాని బాకీ, కౌలు బాకీ, వడ్డీ బాకీ కలిసి మీదపడగా, ఏ మందు పురుగును చంపలేదో ఆ మందునే త్రాగి రైతులు ప్రాణములు విడిచిరి. పత్తిరైతు ఆత్మహత్యలను మాట దేశమునకు మొదట వినిపించినది ఈ రెండు జిల్లాలనుండియే. దశాబ్ద్యంతరమున 1997-98లో వరంగల్లు జిల్లాలో అదియే కథ పునరావృత్తమైనది.

ఈ ఉపద్రవమును గూర్చి వ్రాసినవారెల్లరు మందును నిందించిరి, విత్తనమును నిందించిరి, వర్తకుని నిందించిరి. ఆ నిందలు న్యాయమైనవే. నీటిని మాత్రము ఎవరును విచారింపలేదు. పత్తి కాయలోని పురుగు తరతరములుగా పెరుగుటకు కావలసినది పూవు, లేత కాయ. నేలలోని తేమపైన పెరుగు పత్తి పుష్యమాసమునకు ముగియును. పురుగునకు ఆహారము తెగిపోవును. దాని సంతతి క్షీణించును. పుష్యమాసములో కాలువ వదలి మరి రెండు తడులు పెట్టినచో చేను మరల చిగిర్చి పూచును, పురుగునకు రెండు తరములు అదనముగా దక్కును. గులాబిరంగు పురుగైనచో ఎండకాలమంతయు మిగిలియున్న మోళ్ళపైనను, ఎండుకాయలలోను నిలువయుండి, వచ్చునేటి చేనికి ముందుగనే సిద్ధమగును. మితిమీరిన తడియు, మితిమీరిన నత్రజనియు ఆకును మెత్తబరచి రసము పీల్చు పురుగులను ఆహ్వానించుటయు అందరెరిగినదే. కావున చివరి తడి ఎప్పుడు పెట్టవలెననునది నీటిపారుదల ప్రశ్నయే గాక సస్యరక్షణ ప్రశ్నయు నగుచున్నది.

2002 మార్చిలో అనుమతి పొందిన బి.టి. పత్తి శనగపచ్చ పురుగు బెడదను తగ్గించినమాట సత్యము. పిచికారి ఖర్చు తగ్గినది. దానిని కాదనుట ధర్మము కాదు. కాని గులాబిరంగు పురుగు మొదట గుజరాతులోను, పిమ్మట మన రాష్ట్రములోను ఆ విత్తనమును జయించినది. ఈ పురుగునకు పత్తియే దాదాపు ఏకైకాహారము. అందుచేత పత్తిని డిసెంబరు నెలాఖరునకు ముగించి, మోళ్ళు పీకివేసినచో దాని గొలుసు తెగును. శాస్త్రజ్ఞులు చెప్పు ఈ సలహాను కాలువ నీరు వచ్చినప్పుడెల్ల మనము విస్మరించుచున్నాము.

అట్లని నీరు తగ్గించిన పురుగు తగ్గునని ఒక సామాన్య సూత్రమును చేసికొనరాదు. మిరప దీనికి ప్రతిసాక్ష్యము. తామర పురుగు వలన ఆకు పైకి ముడుచుకొను పైముడత, నల్లి వలన క్రిందికి ముడుచుకొను క్రిందిముడత, రెండును బెట్టకాలమున ప్రబలును. నీరెక్కువై నిలిచిన రేగడిలోనో వేరుకుళ్ళు, ఎండుతెగులు. అటు బెట్టయు ఇటు ముంపును లేని నడిమి మార్గమునే మిరప కోరుచున్నది. బోదెలపైన నాటి, సాలు విడిచి సాలునకు తడి ఇచ్చుటయో, బిందుసేద్యమో, ఏదైనను దాని ఉద్దేశ్యమిదియే. 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయిపైన మన దేశమున మొదటిసారి కనుగొనబడిన నల్ల తామర పురుగు 2021లో గుంటూరు, ప్రకాశము జిల్లాల మిరప పూతపైన పడి, యెకరములకు యెకరములు పీకివేయించినది. పూవులో దాగియుండు ఆ పురుగునకు మందు తగులదు. తగిలిన మందు మిత్రపురుగులను చంపును. నీలిరంగు జిగురు అట్టలు, చేని చుట్టు జొన్నయో మొక్కజొన్నయో కంచెగా వేయుట, వేపగింజల కషాయము, ఇట్టి ఉపాయములనే తుదకు అధికారులును ఆశ్రయింపవలసి వచ్చినది. మునుపు వీనిని పాతచింతకాయ పచ్చడియని త్రోసివేసినవారే అప్పుడు వానిని వెదకిరి.

ఇచట నేనొక విషయమును ప్రస్తావింపక పోజాలను. బావులు చవిటివగు ఈ సీమలో ఊరచెరువు ప్రాణాధారమని చెప్పితిని. ఆ చెరువు ఎల్లరి ప్రాణమునకును సమానముగా ఆధారము కాలేదు. 1985 జులై 17న ఇచటికి కూతవేటు దూరముననున్న కారంచేడులో దళితులపైన జరిగిన మారణకాండకు మూలము మంచినీటి చెరువు దగ్గర పుట్టిన వివాదమే. దళితులు త్రాగునీరు పట్టుకొను చోటును మలినము చేయుటను వారు ప్రశ్నించిరి, ప్రశ్నించినందులకు చంపబడిరి, మిగిలినవారు చీరాలలో శరణు పొందిరి. నీటిని గూర్చి ఉపన్యసించువాడు పర్చూరులో నిలిచి దీనిని దాటవేసినచో అతని మాట నమ్మదగినది కాదు. పత్తి చేనిలో ముక్కునకు గుడ్డ కట్టుకొని, డబ్బా వీపున మోసి మందు కొట్టినది ఎక్కువగా ఆ కులముల కూలీలే. మందు కడిగిన నీరు మురుగుకాలువలోనికి, అచటినుండి వాగులోనికి పారినప్పుడు ముందుగా దానిని వాడుకొనవలసి వచ్చినదియు వారే. నీటి లెక్క వ్రాయునప్పుడు చేనిలోని తడులతోపాటు చెరువులోని బిందెలను కూడ వ్రాయవలెను. చెరువు నిండిన తరువాతనే చేనికి నీరను నియమము కాగితముపైన గాక గట్టుపైన అమలుకావలెను.

లెక్క వ్రాయుట రైతునకు సాధ్యమా యని శంకించువారికి నాటి ఉమ్మడి రాష్ట్రమే సమాధానము చెప్పినది. 2003నుండి కొన్ని సంవత్సరములపాటు అనంతపురము, కర్నూలు, నల్లగొండ మొదలగు ఏడు జిల్లాలలో, వానిలో ప్రకాశము కూడ నొకటి, రైతులే తమ బావుల మట్టమును కొలిచి, వానమానిని చదివి, రబీ ఆరంభమున గ్రామమంతయు కూర్చుండి ఉన్న నీటికి ఏ పైరు ఎంత వేయవచ్చునో లెక్కించుకొను ప్రయత్నము, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగినది. చదువురాని స్త్రీలును దానిలో పాల్గొని బావిమట్టమును గోడపైన వ్రాసిరి. ఎవరును బలవంతపెట్టకయే పెక్కు గ్రామములలో వరి తగ్గి ఆరుతడి పైరు పెరిగినది. అదే కాలమున నాటి ఖమ్మము జిల్లా పునుకుల గ్రామమువారు రసాయన పురుగుమందులను మానివేసి పత్తి పండించి చూపిరి. ఒకచోట నీటి లెక్క, ఒకచోట పురుగు లెక్క. రెండును ఒక్క గ్రామమున, ఒక్క పలకపైన వ్రాయుట మాత్రము ఇంకను జరుగవలసి యున్నది.

నేను పర్చూరు మండలపు గ్రామములకు చేయు ప్రార్థన స్పష్టమైనది. 2020లో రైతు భరోసా కేంద్రములని వెలసి నేడు రైతు సేవా కేంద్రములని పిలువబడుచున్న భవనముల గోడపైన ఒక నల్లబల్ల కట్టుడు. ఒక ప్రక్క ఆ వారపు వాన, కాలువకు నీరు వదలిన దినములు, ఊరచెరువు మట్టము, గ్రామములోని రెండు మూడు బోర్ల నీటి మట్టము, నీటిలోని ఉప్పు పరిమాణము. రెండవ ప్రక్క లింగాకర్షక బుట్టలలో రాత్రికి పడిన రెక్కల పురుగుల సంఖ్య, నూరు పూలలో పురుగు సోకినవెన్ని, మిరపలో పూవునకు ఎన్ని తామర పురుగులు. గులాబిరంగు పురుగు విషయమున బుట్టకు రాత్రికి ఎనిమిది చొప్పున వరుసగా మూడు రాత్రులు పడినచో చర్య తీసికొనవలెనని శాస్త్రజ్ఞులు హద్దు నిర్ణయించిరి. ఆ హద్దు దాటకమునుపు మందు కొట్టువాడు తన ధనమును పోగొట్టుకొని, పొరుగువాని మిత్రపురుగులను కూడ చంపుచున్నాడు. వ్యవసాయ సహాయకుడొక్కడే ఈ పని చేయలేడు. బడిపిల్లలు, మహిళా సంఘములు, ముఖ్యముగా కౌలురైతులు ఇందులో పాలుపంచుకొనవలెను. ఏలయన చేను చూచువాడు నేడు ఎక్కువగా కౌలుదారే. డిసెంబరు మొదటివారమున ఆ బల్ల యెదుట గ్రామము కూర్చుండి, పత్తికి చివరి తడి తేదీని అందరికి ఒకటిగా నిర్ణయింపవలెను. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరము దాటినట్టి సంవత్సరములలో ఆ తేదీ మరింత ముందుగనే వచ్చును, ఏలయన అట్టి యేట నేలకు చాలినంతకు మించిన తేమ ఉండును. ఆ తేదీ తరువాత వచ్చు కాలువ నీటిని ముందు ఊరచెరువునకు, తరువాత మిరపకు, మిగిలినచో పంటకుంటలకు మళ్ళించుటకు నీటి సంఘమువారు అంగీకరింపవలెను. పత్తి మోళ్ళు తీసిన చేనిలో పదును ఇంకను మిగిలియున్నచో పెసరయో, మినుమో చల్లవచ్చును. లేనిచో దున్ని వదలివేయుట మేలు. మొదటి యేట ఒక్క గ్రామమైనను దీనికి పూనుకొన్నచో, దాని లెక్కలను నాకు పంపుడని కోరుచున్నాను. వానిని బాపట్ల వ్యవసాయ కళాశాలకును, గుంటూరులోని లాం పరిశోధనా స్థానమునకును స్వయముగా తీసికొనిపోయి చూపించు భారము నాది.